వంత కేక

స్పీకర్లలోంచి మిరాన్ గొంతు మెత్తగా, ఎవరినీ నొప్పించకుండా పలికింది. "ప్రదర్శన సాగుతున్నంతసేపూ దయచేసి నిశ్శబ్దం పాటించండి. చప్పట్లు చివర్లో మాత్రమే కొట్టగలరు." ముందు ఇంగ్లీషులో, తర్వాత కొరియన్‌లో. రాసిందీ రికార్డు చేసిందీ తనే అయినా, విన్న ప్రతిసారీ ఆ గొంతు ఆమెకి పక్కింటావిడ గొంతులా అనిపించేది.

వేదిక మీద చాప సరిచేసుకుంటున్న ఛున్‌షిక్ తలెత్తాడు. ఇవాళా రేపూ రాత్రి ప్రదర్శనల్లో వొల్సన్ గారు పాడితే డోలు వాయించేది ఆయనే.

"అదేంది? మరి వంత ఎవరు పలుకుతారు?"

కొరియన్ కల్చరల్ సెంటర్ డైరెక్టర్ ప్యో గారు ముందు వరుస కుర్చీలకి పేర్ల చీటీలు అంటిస్తున్నారు. వెనక్కి తిరక్కుండానే, "మీరున్నారుగా," అన్నారు.

"నేనొక్కణ్ణే ఎంతని పలికేది? ఆమె పాడతది, నేను భళా అంటా. మళ్లీ పాడతది, మళ్లీ భళా అంటా. మొగుడూ పెళ్లాం తలుపేసుకుని ఒకళ్లనొకళ్లు పొగుడుకున్నట్టు ఉంటది."

మిరాన్‌కి నవ్వొచ్చింది. ప్యో గారికి రాలేదు.

"ఛున్‌షిక్ గారూ, మీరు మొన్ననే ఈ ఊళ్లో విమానం దిగారు. పోయిన పంటల పండక్కి ఇక్కడేం జరిగిందో మీకు తెలీదు. పక్క ఊరు కోక్విట్లాం నుంచి వచ్చిన మన పెద్దలు బియ్యం కల్లు తాగొచ్చి, నాట్యం మధ్యలో వేదికెక్కి చిందులేశారు. ఊళ్లోని ఇంగ్లీషు పత్రిక ఏం రాసిందో తెలుసా? 'రంగురంగుల సంత' అని. ఇవాళ వస్తున్న హెలెన్ ప్రాట్ గారు ఈ నగరం సంగీతోత్సవం నడిపే మనిషి. ఆవిడ ఒప్పుకుంటే వచ్చే ఏడాది మన పాన్సోరి కథాగానం పెద్ద హాల్లో, ఆపెరా పక్కన వినిపిస్తుంది. ఆపెరాలో ఎవరైనా మధ్యలో కేకలేస్తారా?"

"వెయ్యరు. అందుకే ఆళ్లకి వెనకాల అంతమంది వాయించేవాళ్లు కావాలి," అన్నాడు ఛున్‌షిక్. "మా అక్కకి నేనూ, జనమూ. అంతే."

ప్యో గారు చివరి చీటీ అంటించి, వేలితో అంచు నొక్కి, "మిరాన్ గారూ, మీ ప్రకటన చాలా బావుంది. దాన్ని కదిలించకండి," అని వెళ్లిపోయారు.

ఛున్‌షిక్ డోలు మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. ఎవరితోనూ కానట్టుగా అన్నాడు: "పోయిన వారం ఈ దేశం తూర్పున పాడినప్పుడు ఇట్టాగే అయ్యింది."

"ఏమైంది?"

"అక్కనే అడుగు."

*

వొల్సన్ గారు లోపలి గదిలో తెల్లటి లోపావడా మీద ఊలు శాలువ కప్పుకుని, నేల మీదే కూర్చుని ఉన్నారు. కుర్చీ ఉంది. దాని మీద ఆవిడ విసనకర్ర ఉంది. మిరాన్ అల్లం, బేరిపండు వేసి కాచిన కషాయం గ్లాసు ఆవిడ ముందు పెట్టింది. బయట వాన కిటికీ మీద పడుతున్నా చప్పుడు లోపలికి రావడం లేదు. ఈ భవనం కట్టినవాళ్లు కిటికీలు బాగా కట్టారు.

"తూర్పున ఆడ హాలు ఎంత బాగుందో," అన్నారు వొల్సన్ గారు, అడక్కుండానే. "దీపాలు బాగున్నాయి. చాప బాగుంది. జనం నిండుగా వచ్చారు. నేను మొదలుపెట్టా. ఒక్కళ్లూ కదల్లేదు. కొంతమంది కళ్లు మూసుకున్నారు. ఎవరన్నా చచ్చిపోయినప్పుడు కూచుంటారే, అట్టా. మంచోళ్లే అమ్మాయ్. చచ్చేంత మర్యాదస్తులు."

"మీకు కోపం వచ్చిందా?"

"కోపమెందుకు? భయమేసింది." ఆవిడ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నారు. "నూతిలోకి బిందె వదిల్తే నీళ్లు తగిలిన చప్పుడు రావాలా వద్దా? నేను వదుల్తానే ఉన్నా, చప్పుడే లేదు. మూడో పిలుపు కాడికొచ్చేసరికి గొంతు మూసుకుపోయింది. తలుపేసినట్టు. ఏదో రెండు ముక్కలు మాటల్తో చెప్పి వచ్చేశా. జనం నిలబడి చప్పట్లు కొట్టారు. ఆళ్లకి తేడా తెలీలేదు."

ఆవిడ ఆ మాట అన్న తీరుకి మిరాన్ తల దించుకుంది.

"ఇవాళ కూడా మూసుకుపోతే ఇంక నోరు తెరవను. ఛున్‌షిక్‌గాడితో కూడా చెప్పేశా. డెబ్బై దాటినాక గొంతు ఒకసారి మూసుకుంటే జబ్బు. రెండుసార్లు మూసుకుంటే అది ఇంక నాది గాదు." కషాయం ఒక గుక్క తాగి, "నువ్వు యాడ కూచుంటావు?" అన్నారు.

"హాలు వెనక గాజు గదిలో. తెర మీద ఇంగ్లీషు మాటలు వేసేది నేనే."

"అంటే ఈ కథ నీకు తెలుసన్నమాట."

తెలుసు. నెల రోజులుగా దాని పాత రికార్డుని హెడ్‌ఫోన్లు తగిలించుకుని వింటూనే ఉంది. వొల్సన్ గారి గురువు కట్టిన కథ అది. ఉప్పు బస్తాలు తేవడానికి పొగమంచులో ఏరు దాటిన పడవవాడు తిరిగి రాడు. పడవ ఒక్కటే వస్తుంది. భార్య అదే పడవెక్కి నడి ఏట్లోకి పోయి మూడుసార్లు పిలుస్తుంది, "ఏమండీ" అని. మొదటిసారి అన్నానికి పిలిచినట్టు. రెండోసారి తిట్టినట్టు. మూడోసారి ఎలాగో మిరాన్ ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి మాట దొరకలేదు. ఎక్కడ ఊపిరి తీసుకుంటారో, ఎక్కడ డోలు ఆగుతుందో, ఆ ఆగినచోట ఏ ముసలాయన ఏ మూల నుంచి "అద్గదీ" అంటాడో, పాత రికార్డు మొత్తం ఆమెకి కంఠతా వచ్చేసింది.

"అయితే నువ్వు పలకొచ్చు," అన్నారు వొల్సన్ గారు.

"ఆ గదిలోంచి బయటికి వినపడదండీ."

"ఇప్పుడు పలుకు. వింటా."

మిరాన్ తలుపు వైపు చూసింది. "అద్గదీ," అంది.

వొల్సన్ గారు గ్లాసు కింద పెట్టారు. "ఈ గొంతుని ఎవరు పెంచారే? పడుకున్న పిల్లి పక్కన పలికినా అది నిద్ర లేవదు."

అది ఎవరు పెంచారో మిరాన్‌కి తెలుసు. కొరియాలోని ఇంచన్‌లో రెండు గదుల ఇల్లు. నాన్న రేవులో రాత్రి పని చేసి పగలు పడుకునేవాడు. అమ్మ పెదవుల మీద వేలు ఎప్పుడూ ఉండేది. పిల్లలు మేజోళ్లతో నడిచేవాళ్లు, గిన్నెలు గుడ్డ మీద పెట్టేవాళ్లు, దెబ్బ తగిలితే దిండులో మొహం పెట్టుకుని ఏడ్చేవాళ్లు. ఆ ఇంట్లో నిశ్శబ్దం అంటే శిక్ష కాదు, ప్రేమ. అది ఆమెతోపాటు సముద్రం దాటి వచ్చింది. ఒంటరిగా ఉండే ఫ్లాటులో కూడా ఆమె తలుపు మెల్లగా వేస్తుంది. ఎవరు నిద్రపోతున్నారని? ఆ ప్రశ్న ఆమె ఎప్పుడూ పూర్తిగా వేసుకోలేదు. తన మాట లేకుండా ఇతరుల మాటలు తెర మీద వేసే పని దొరికినప్పుడు, ఇది తన కోసమే ఎవరో తయారుచేసినట్టుంది అనుకుంది.

వొల్సన్ గారి దగ్గర్నుంచి లేచి ఆమె నేరుగా ప్యో గారి గదికి వెళ్లింది.

"ఆ ప్రకటన తీసేద్దామండీ," అంది.

"ఏ ప్రకటన?"

రెండోసారి చెప్పాల్సి వచ్చింది. ప్యో గారు టై ముడి వేసుకుంటూ ఆగారు. "మిరాన్ గారూ, నేను మొదటి పోస్టింగ్‌కి వెళ్లిన దేశంలో మన డోలు బృందం వాయిస్తుంటే, నా పక్కన కూర్చున్న పెద్దమనిషి చెవులు మూసుకున్నాడు. అందరూ చూస్తుండగా, నవ్వుతూ. నేనూ నవ్వాను. ఇంటికెళ్లాక వాంతి చేసుకున్నాను. అప్పుడే అనుకున్నా, మనవాళ్ల పాట ఇంక ఎవరూ చెవులు మూసుకుని వినే పరిస్థితి రానివ్వకూడదని. వాళ్లు కూర్చుని, నోరు మూసుకుని, గౌరవంగా వినాలి. అది అడగడం తప్పా?"

తప్పు కాదు. అదే ఆమెని ఇబ్బంది పెట్టింది. ఆయన మొహంలో ఆ వాంతి చేసుకున్న కుర్రవాడు కనిపించాడు.

"వొల్సన్ గారి గొంతు..."

"ఆవిడ ప్రభుత్వం గుర్తించిన విద్వాంసురాలు. మీరు, నేను కంగారు పడక్కర్లేదు. మీరు గాజు గదిలో మీ పని చూసుకోండి. తెర మీద ఒక్క ముక్క ఆలస్యమైనా హెలెన్ గారికి కథ తెగిపోతుంది. మీ కాంట్రాక్టు పొడిగింపు కాగితం ఈ నెల్లోనే సియోల్ వెళ్తుంది, మంచి మాట రాసి పంపాలనే ఉంది నాకు."

ఆ చివరి మాట ఆయన బెదిరింపుగా అనలేదు. మిరాన్ అది బెదిరింపుగానే విని, తల వంచి, తలుపు మెల్లగా వేసి వచ్చేసింది.

*

హాలు నిండింది. ప్రకటన వినిపించగానే దగ్గులు కూడా ఆగిపోయాయి. గాజు గదిలో మిరాన్ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, మీట మీద వేలు పెట్టి కూర్చుంది. ముందు వరుసలో ప్యో గారు, ఆయన పక్కన హెలెన్ ప్రాట్ తెల్ల జుట్టు. మధ్య వరుసల్లో కొరియన్ రాని ఊళ్లోవాళ్లు. వెనక వరుసల్లో కోక్విట్లాం నుంచి వచ్చిన కొరియా పెద్దలు, శుభ్రంగా దువ్వుకుని, కోట్లు వేసుకుని. వాళ్ల సంఘం పెద్ద నామ్‌గుంగ్ గారు గాజు గదికి సరిగ్గా ముందున్నారు. పండగనాడు వేదికెక్కింది ఆయనే. ఇవాళ ఆయన చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, ఫోటోకి కూర్చున్నట్టు కూర్చున్నారు.

వొల్సన్ గారు విసనకర్ర తెరిచి మొదలుపెట్టారు. మొదటి పాదం దాటింది. డోలు మీద దెబ్బ పడింది. ఛున్‌షిక్ "భళా" అన్నాడు. అది హాలంతా తిరిగి, ఎక్కడా ఆనకుండా, మళ్లీ ఆయన దగ్గరికే వచ్చినట్టయింది.

మిరాన్ మీట నొక్కింది. తెర మీద మాటలు మారాయి. హెలెన్ తల కొంచెం పైకెత్తి చదివి, కిందికి దించి విన్నారు. అంతా సక్రమంగా జరుగుతోంది. అదే భయంగా ఉంది. నెల రోజులుగా మిరాన్ విన్న పాటలో ప్రతి పాదం చివరా ఒక గుంట ఉంటుంది. ఎవరో ఒకరి గొంతు వచ్చి ఆ గుంటలో పడాలి. ఇప్పుడు ఒక్కొక్క గుంటా ఖాళీగా మిగిలిపోతోంది. వొల్సన్ గారు ప్రతిసారీ అక్కడ ఒక క్షణం ఆగుతున్నారు, మెట్టు ఉందనుకుని కాలు పెట్టినవాళ్లలాగా. తర్వాత ఆగడం మానేశారు.

నామ్‌గుంగ్ గారి నోరు ఒకసారి తెరుచుకుంది. పక్కనున్న భార్య ఆయన తొడ మీద గట్టిగా గిల్లింది. నోరు మూసుకుంది.

హెడ్‌ఫోన్లలో అన్నీ దగ్గరగా వినిపిస్తాయి. వొల్సన్ గారి ఊపిరి పొట్టిదైంది. రికార్డులో ఒక్క ఊపిరిలో పాడిన పాదాన్ని రెండుగా విరిచారు. ఇంకాసేపటికి శ్రుతి దించారు. మామూలుగా వినేవాళ్లకి అది తెలియదు. ఛున్‌షిక్‌కి తెలిసింది, ఆయన డోలు దెబ్బ తగ్గించి ఆవిడ కాళ్ల కింద నేలని కొంచెం పైకెత్తాడు. కథలో పడవ ఏట్లోకి వచ్చింది. మొదటి పిలుపు వచ్చింది.

"ఏమండీ."

అన్నానికి పిలిచినట్టే పిలిచారు. బాగుంది. హాలు ఊపిరి బిగబట్టింది. గౌరవంగా. వొల్సన్ గారు గ్లాసు తీసుకుని నీళ్లు తాగారు. రికార్డులో ఆ చోట నీళ్లు లేవు.

రెండో పిలుపుకి ముందు మాటల భాగం ఉంది. తడిసిన ఉప్పు గురించి భార్య పడవతో చేసే తగువు. వొల్సన్ గారి ఎడమ చెయ్యి పావడా మడతని పట్టుకుంది. గట్టిగా. మిరాన్ ఆ చేతినే చూసింది. ఆ చెయ్యి ఎక్కడో చూసినట్టుంది అనుకుంది. అది తన చెయ్యే. ఇప్పుడు కుర్చీ అంచుని అలాగే పట్టుకుని ఉంది.

ఇక్కడి నుంచి మూడో పిలుపు ఎంత దూరమో ఈ హాల్లో ముగ్గురికి తెలుసు. అందులో ఇద్దరు వేదిక మీద ఉన్నారు.

ఆమె హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. మెల్లగా పెట్టింది, చప్పుడు కాకుండా. తెర మీద "ఉప్పు బస్తాలు తడిసిపోయాయి" అని ఉంది. దాన్ని అలాగే వదిలేసి తలుపు తెరిచి బయటికొచ్చింది.

*

గాజు గది బయట పాట వేరుగా ఉంది. దూరంగా, చిన్నగా, ఒక ముసలామె గొంతులా ఉంది. మిరాన్ వెనక గోడకి ఆనుకుని నిలబడింది. గుంట వస్తోంది. వచ్చేసింది. ఆమె నోరు తెరిచింది. ఏమీ రాలేదు. గుంట దాటిపోయింది.

ఎవరో లేస్తారు అన్న భయం. పడుకున్నవాడు లేస్తాడు, అమ్మ మొహం మారిపోతుంది. ఈ హాలు ఆ ఇల్లు కాదు, ఇక్కడెవరూ పడుకుని లేరు, అందరూ కళ్లు తెరుచుకునే ఉన్నారు అని తనకి తాను చెప్పుకుంది. చెప్పుకుంటుండగానే ఇంకో గుంట దాటిపోయింది.

ముందు వరుసల్లో ఒకరిద్దరు తెర వైపు తలెత్తి, మారని మాట చదివి, పక్కవాళ్ల వైపు చూశారు.

"ఏమండీ."

రెండో పిలుపు. తిట్టినట్టు రావాలి. గొంతు సగంలో చీలింది. వొల్సన్ గారి మొహం మారలేదు. కానీ పావడా మడత పట్టుకున్న చెయ్యి వదిలేసింది. మిరాన్‌కి అది అర్థమైంది. ఆవిడ వదిలేస్తున్నారు. ఇంకొక్క పాదం, ఆ తర్వాత రెండు ముక్కలు మాటల్లో చెప్పి, వంగి దండం పెట్టి వెళ్లిపోతారు. జనం లేచి నిలబడతారు.

"అద్గదీ."

అది ఎవరి గొంతో ఒక్క క్షణం మిరాన్‌కే తెలియలేదు. బొంగురుగా, పగిలి, అవసరమైన దానికన్నా చాలా పెద్దగా వచ్చింది. అక్కరలేని చోట వచ్చింది, గుంటకి కొంచెం ముందే, పాదం మీద పడింది. తలలన్నీ తిరిగాయి. మధ్య వరుసలో ఎవరో "ష్" అన్నారు. ప్యో గారు సగం లేచి వెనక్కి చూశారు. చీకట్లో కూడా ఆయన కళ్లు తనని గుర్తుపట్టాయని మిరాన్‌కి తెలిసింది.

పాట ఆగింది. డోలు ఆగింది.

తప్పు చేశాను అనుకుంది మిరాన్. ఆవిడ తనంతట తాను ఆగేవారు, నేను ఆపేశాను.

వొల్సన్ గారు విసనకర్ర మూసి, నుదుటికి అడ్డం పెట్టుకుని, పొగమంచులోంచి చూస్తున్నట్టు హాలు వెనక్కి చూశారు. ఇంకా పడవలోనే ఉన్నారు.

"ఎవరో పలికినట్టుందే," అన్నారు, కథలోని మనిషిగానే. "మా ఆయన గొంతు గాదులే. ఆయనది ఇంతకన్నా సన్నం. ఒడ్డున ఎవరమ్మా? ఏ ఇంటి కోడలివి?"

వెనక వరుసల్లో ఎవరో ముక్కుతో నవ్వారు.

ఛున్‌షిక్ డోలు మీద వేలితో తట్టాడు. "కొత్త కోడలనుకుంటా అక్కా. సిగ్గుపడతా ఉంది."

"సిగ్గుపడితే ఏరు దాటేదెట్టా? ఇంకోసారి పలుకమ్మా. నీ గొంతు పట్టుకుని దారి చూసుకుంటా."

నవ్వులు. అన్నీ వెనక వరుసల్లోంచే. మధ్య వరుసలు తెర వైపు చూసి ఉప్పు బస్తాలు మళ్లీ చదువుకున్నాయి. వొల్సన్ గారు విసనకర్ర ఫట్‌మని తెరిచి పాదం ఎత్తుకున్నారు. శ్రుతి పైకి వెళ్లింది. గుంట వచ్చింది. ఈసారి మిరాన్ సరిగ్గా దాంట్లో పడింది.

"భళా."

"అద్గదీ," అన్నారు నామ్‌గుంగ్ గారు, భార్య చేతిని తోసేసి. "నన్ను చంపినా సరే."

ఇంకో ముసలాయన. ఇంకో ముసలామె. ఒకరి కేక ఒకరి కేకకి తగిలి, హాలు వెనక భాగం కదలడం మొదలుపెట్టింది.

ప్యో గారు పక్క దారిలో నడుచుకుంటూ వచ్చారు, వంగి, ఎవరికీ అడ్డం రాకుండా. మిరాన్ పక్కన నిలబడి చెవి దగ్గర అన్నారు: "తెర."

ఆమె తల ఊపలేదు.

"మిరాన్ గారూ, హెలెన్ గారు ఉప్పు బస్తాల దగ్గరే ఉండిపోయారు. లోపలికి వెళ్లండి."

వెళ్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు. వొల్సన్ గారు ఇప్పుడు ప్రతి పాదం చివరా ఇటు చూస్తున్నారు. నామ్‌గుంగ్ గారి వైపు కాదు. ఆయన ఇష్టం వచ్చిన చోట అరుస్తున్నారు, ఒక్కోసారి పాట మీద కూడా. ఆవిడ కాలు పెట్టే మెట్టు ఎక్కడుందో వెతుక్కుంటున్నది ఈ గోడ దగ్గరే.

"మీరు వెళ్లండి," అంది మిరాన్.

"నేనా?"

"మీట నొక్కడమే."

గుంట వచ్చింది. ఆయన పక్కనే నిలబడి ఉండగా ఆమె కేకేసింది. ప్యో గారు ఉలిక్కిపడ్డారు. ఆమెని తేరిపార చూసి, గాజు గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు.

తెర మారింది. మళ్లీ మారింది. ఆయనకి కథ తెలీదు. తెర మీద భార్య ఏడుస్తుంటే ఇక్కడ ఆమె ఇంకా తెడ్డు వేస్తోంది. వెనక్కి నొక్కారు, పడవ మళ్లీ రేవులోకి వచ్చేసింది. ముందు వరుసల్లో గుసగుసలు. మిరాన్‌కి ఒళ్లు చెమట పట్టింది. నెల రోజుల పని ఆ తెర మీద తుక్కు తుక్కవుతోంది. అటు చూడకూడదనుకుంది. చూసింది. ఆ చూసిన క్షణంలో ఒక గుంట తప్పింది.

వొల్సన్ గారు తడబడ్డారు.

మిరాన్ మళ్లీ తెర వైపు చూడలేదు.

మూడో పిలుపుకి ముందు డోలు మొత్తం ఆగిపోతుంది. ఆగింది. నామ్‌గుంగ్ గారు నోరు తెరిచారు. మిరాన్ రెండడుగులు వేసి వెనక నుంచి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆయన మూసుకున్నారు. ఇప్పుడు హాల్లో ఉన్న నిశ్శబ్దం ఇందాకటిది కాదు. ఇందాక అది ఎవరో అడిగి తెప్పించుకున్నది.

"ఏమండీ."

పైకి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ, అందాల్సిన చోటికి కొద్దిగా కింద, పగిలింది. అదే చోటు. మూసుకుపోయే చోటు. మిరాన్ ఆ పగులులోకి కేకేసింది. ఏమని వేసిందో తర్వాత ఆమెకి గుర్తులేదు. మాట కాదేమో. నామ్‌గుంగ్ గారు అరిచారు, వెనక వరుసలన్నీ అరిచాయి, ఛున్‌షిక్ డోలు మీద కర్ర పగిలేలా కొట్టాడు. ఆ గొంతు మూసుకోలేదు. పగిలిన గొంతుతోనే, ఇసుక మీద పడవని ఈడ్చినట్టు, ఆ పిలుపుని చివరిదాకా ఈడ్చుకుపోయింది.

సరిగ్గా అప్పుడు తెర మీద "ధన్యవాదాలు" అని పడింది. కింద సెంటర్ ముద్ర, దాతల పేర్లు. మరుక్షణం తెర నల్లబడిపోయింది. ప్యో గారే ఆపేశారు. చదవడానికి ఏమీ లేక ముందు వరుసలన్నీ ముసలామె వైపు చూశాయి.

*

జనం వెళ్లిపోతున్నారు. మిరాన్ వేడి సూపు గిన్నె పట్టుకుని లోపలి గది తలుపు దగ్గర నిలబడి ఉంది. లోపల వొల్సన్ గారు ఛున్‌షిక్‌ని తిడుతున్నారు. "ఆ మూడోదాని కాడ అట్టా బాదుతావేందిరా? నన్ను ముంచేద్దామనా?" గొంతు చిరిగిపోయి ఉంది. కానీ తిట్టు ఆగడం లేదు. "రేపు ఆ దెబ్బ సగం తగ్గించు. రేపు ఇంకో శ్రుతి పైనుంచి ఎత్తుకుంటా."

రేపు అన్నారు ఆవిడ. మిరాన్ ఆ మాట విని, గిన్నె జారకుండా ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

ప్యో గారు వచ్చారు. టై వదులైంది. "హెలెన్ గారు అడుగుతున్నారు, చివరికి అతను దొరికాడా అని." టై ఇంకాస్త వదులు చేసుకుని, "నాకు తెలీదు," అన్నారు.

"దొరకడండీ. ఆమె ఒడ్డుకి వచ్చేస్తుంది. అక్కడితో అయిపోతుంది."

ఆయన తలూపారు. ఆ సమాధానంతో వెళ్లాల్సిన మనిషి వెళ్లలేదు. "మీరు చేసింది నేను పైకి రాయక తప్పదు. తెర అంతసేపు ఆగిపోవడం అందరూ చూశారు. కాంట్రాక్టు సంగతి ఏమవుతుందో నేను చెప్పలేను."

"రాయండి."

"హెలెన్ గారి పక్కనున్నావిడ మధ్యలోనే లేచి వెళ్లిపోయింది. హెలెన్ గారు ఉన్నారు. ఎందుకున్నారో అర్థం కాలేదు." ఆయన ఈ మాట ఆమెతో అంటున్నట్టు లేదు. "రేపు మాత్రం మీరు గాజు గదిలో ఉండాలి."

"ఉండనండీ," అంది మిరాన్.

కుర్చీలు సర్దుతున్నవాళ్లు హాల్లోంచి తలలు తిప్పి చూశారు. గొంతు తగ్గించాలని ఆమెకి తోచలేదు. తోచలేదన్న సంగతి కూడా కాసేపటికి గానీ తెలియలేదు.

"ఆ ప్రకటన కూడా వెయ్యొద్దు. నా గొంతు అది. నేను వద్దంటున్నాను."

ప్యో గారు ఆమె మొహంలోకి చూశారు. కోపం కోసం వెతుకుతున్నట్టు చూశారు. అక్కడ అది కనిపించక, ఏం చెయ్యాలో తెలియనట్టు టై చివర వేలికి చుట్టుకున్నారు.

"మరి రేపు తెర దగ్గర ఎవరుంటారు?"

ఇలాంటి ప్రశ్నలకి ఎప్పుడూ ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. అందరూ సుఖంగా ఇంటికి వెళ్లేలాంటి జవాబు. ఇప్పుడు వెతికింది. లేదు.

"అది మీరు చూసుకోవాలి," అని, మోచేత్తో తలుపు నెట్టుకుని లోపలికి వెళ్లింది. తలుపు వెనకాల దానంతట అదే ధడేల్‌మని పడింది.